జేజి చూసిన సీరియల్

1955 జనవరి 31, సోమవారం

మొదటి పేజీలో పేరు రాసుకోవాలట. మెహబూబున్నీసా. ఇంట్లో మాబున్ని. మూడో ఫారం. కాదు, మూడో ఫారం చదివేదాన్ని.

ఈ డైరీ ఇచ్చింది నా నేస్తం మీనాక్షి వాళ్ళ నాయన విశ్వేశ్వరయ్య మామ. తాలూకా ఆఫీసులో గుమాస్తా. నిన్న వాళ్ళు జమ్మలమడుగుకు బదిలీ మీద వెళ్ళిపోయారు. సామానంతా లారీకెక్కించాక ఆఫీసులో మిగిలిన డైరీలు రెండు తీసి ఆమెకొకటి, నాకొకటి ఇచ్చాడు. "రాసుకోండి పాపా, ఏడుపు తగ్గుతాది" అన్నాడు. నేనేం ఏడవలేదు. మీనాక్షే ఏడ్చింది. నా కంట్లో దూది పడింది, అంతే. నాయన పొద్దున్నుంచి విల్లు మోగిస్తూ దూది ఏకి పరుపులు కుడతాడు కాబట్టి మా ఇంట్లో ఎవరి కంట్లోనైనా ఎప్పుడైనా దూది పడొచ్చు.

నేను పెద్దమనిషినయ్యి పది రోజులయింది. కబురు తెలియగానే పులివెందుల నుంచి జైనబ్ అత్త దిగింది. "ఇంగ చాలు. బడీ వద్దు, బొమ్మలూ వద్దు" అని తేల్చేసి సాయంత్రం బస్సుకే పోయింది. అత్త నాయనకు అక్క. ఆమె మాటకు నాయన ఎదురు చెప్పడు. జేజి అయితే అత్తను కన్నతల్లే, అయినా చెప్పదు. అమ్మ ఉంటే చెప్పేదేమో. నా రెండో ఏటే పోయింది.

కాబట్టి నా బాల్యం జనవరి ఇరవై ఒకటో తేదీ శుక్రవారం, మధ్యాహ్నం అన్నం తిన్నాక అయిపోయింది. బడి గురించి నాకేం బాధ లేదు. శనివారం టాకీసులో వేసే సీరియల్ గురించే.

ఫిబ్రవరి 1

ఏమీ లేదు. విల్లు మోత.

ఫిబ్రవరి 2, బుధవారం

ఆ రోజుల్లో, అంటే మొన్న డిసెంబరులో, శనివారం బడి ఒంటిపూటే. పన్నెండు గంటలకు బెల్లు కొట్టేసరికి నా పుస్తకాలు సంచిలో, మీనాక్షి కాళ్ళు చెప్పుల్లో సిద్ధంగా ఉండేవి. అన్నం తిన్నామని చెప్పుకోవడానికి రెండు ముద్దలు తిని, రేకుల టాకీసుకు పరుగు.

ముందు పోయినవాళ్ళదే రాజ్యం. నేల టికెట్టంటే ఇసుక. ఆడవాళ్ళ వైపు తడిక పక్కన ఇసుక కుప్ప చేసుకుని దాని మీద కూర్చుంటే ముందున్న కొప్పులు అడ్డం రావు. వెనకవాళ్ళు చూస్తే ఊరుకోరు కాబట్టి పావడా పరిచి కుప్ప కనబడకుండా కప్పాలి. మీనాక్షి వాళ్ళమ్మ ఇచ్చిన బొరుగులు, నేను తెచ్చిన ఉడకబెట్టిన శనక్కాయలు మధ్యలో. ముందు ఏదో పాత కత్తియుద్ధాల బొమ్మ వేస్తారు. ఫిల్ము రెండు మూడు సార్లు తెగుతుంది. మగవాళ్ళ వైపు ఈలలు. అదంతా మేం ఓర్చుకునేది ఇంటర్వెల్ తర్వాత వేసే సీరియల్ కోసం. వారానికి ఒక్క ముక్క.

సీరియల్ ఇంగ్లీషుది. అందుకే తెర పక్కన ముక్కాలి పీట ఎక్కి, చేతిలో కర్రతో మున్వర్ అనే ఆయన కథ చెబుతాడు. దొర గంటసేపు మాట్లాడితే "రానంటాండాడు" అని ఒక్క మాటతో సరిపెడతాడు. దొర ఒక్క మాటంటే ఊపిరి తిప్పుకోకుండా వాళ్ళ ముత్తాతల కాలం నుంచి మొదలుపెడతాడు. మున్వర్‌కు ఇంగ్లీషు రాదని మీనాక్షి కనిపెట్టింది గానీ ఎవరికీ చెప్పలేదు. చెబితే కథ పోతుంది కదా.

కథ ఏమిటంటే, రోజీ అనే అమ్మాయికి చచ్చిపోయిన తండ్రి ఒక దీవి ఇచ్చి పోయాడు. దాన్ని ఒంటికన్ను దొర కాజెయ్యాలని చూస్తాడు. ప్రతి శనివారం రోజీ చచ్చే చోట ఆపుతారు. ఆదివారం పెన్నలో ఇసుక మీద మేం దాన్నే ఆడేవాళ్ళం. జుట్టుకు రిబ్బన్లున్నాయని మీనాక్షే ఎప్పుడూ రోజీ. నేను గుర్రం. అవసరాన్ని బట్టి ఒంటికన్ను దొర, తుఫాను కూడా నేనే. గుర్రంగా నాకు మంచి పేరుంది.

నేను చివరిసారి చూసినప్పుడు రోజీ తాళ్ళ వంతెన మధ్యలో ఉంది. కింద కొండవాగు. అవతల దొర కత్తితో తాడు కోస్తున్నాడు. ఒక్క పురి మిగిలింది. అంతలో లైట్లు వేశారు. ఆ తర్వాత ఆరు రోజులకే నా శుక్రవారం వచ్చింది. మర్నాడు "నువ్వు లేకుండా నేనూ పోను" అని మీనాక్షి ఇంట్లో కూర్చుంది. స్నేహమంటే అదే. కానీ ఎవరో ఒకరం చూసి ఉంటే బాగుండేది.

మా ప్రొద్దుటూరులో వేసిన ముక్క కొన్ని వారాలకు జమ్మలమడుగు పోతుంది, అక్కణ్ణుంచి పులివెందుల. మీనాక్షి అక్కడ చూస్తుంది. నేను మాత్రం ఆ పురి తెగిందో లేదో తెలియకుండా ముసలిదాన్నవుతాను.

ఫిబ్రవరి 3, గురువారం

మా బడి హెడ్మిస్ట్రెస్ సరస్వతమ్మ టీచరు ఇంటికొచ్చింది. నాయన దూది బేరానికి రాజుపాలెం పోయాడు. నేను లోపల గదిలోనే ఉండాలి కాబట్టి ఉన్నాను. వాకిట్లో జేజితో చాలాసేపు మాట్లాడింది. తలుపు సందులోంచి "పరీక్ష ఫారం", "మార్చి ఇరవై లోపల" అని రెండు ముక్కలు వినిపించాయి. జేజి ఏం చెప్పిందో వినబడలేదు. జేజి మాట ఎప్పుడూ అంతే, పక్కనున్నవాళ్ళకే వినబడదు.

ఏదో ఫారం. నాకెందుకు?

లెక్కల పుస్తకానికి అట్ట చినిగితే ఈ రోజు కొత్తది వేశాను. ఊరికే.

ఫిబ్రవరి 5, శనివారం

పొద్దున్నే జేజి ఒళ్ళో తలపెట్టి బతిమాలాను. "నువ్వన్నా పోయి చూసి రా జేజీ. మధ్యలో పోయిన రెండు ముక్కల్లో ఏమైందో పక్కనోళ్ళనడిగి, వచ్చి నాకు చెప్పు."

"తెల్ల గుడ్డ మీద ఆడే నీడలకు దుడ్లిచ్చేదేంది?" అంది. జేజి ఈ జన్మలో టాకీసు గడప తొక్కలేదు.

"ఆ పిల్ల వంతెన మీద ఉండాది జేజీ. పడిపోతాది."

జేజి నా తల ఒళ్ళోంచి లేపింది. "సరే, పోతాలే" అంది. నేను నమ్మలేకపోయాను. ఉతికిన కోక కట్టుకుని, రెండు గంటలకు పోయి, ఐదింటికి వచ్చింది. నీళ్ళు కూడా తాగనివ్వలేదు నేను.

"పురి తెగిందా?"

"తెగల్యా. ఆ యమ్మ పైట చెంగు చింపి ముడేసింది."

"రోజీకి పైట యాడిది? గౌను గదా!"

"చలికి కప్పుకున్నింది" అంది జేజి.

హమ్మయ్య. రోజీ బతికింది. జేజి వేళ్ళకు తెల్లగా ఏదో అంటుకుంది. ఏమిటంటే టాకీసు గోడ సున్నం అంది.

ఫిబ్రవరి 12, శనివారం

ఈ వారం ముక్క భయంకరంగా ఉంది. ఒంటికన్ను దొర రోజీ ఇంటికే వచ్చాడట. తియ్యగా మాట్లాడి, "మీ పొలానికి శిస్తు తగ్గించే కాగితం" అని చెప్పి రోజీ బొటనవేలు పట్టుకుని మసి పూసి ఒత్తించుకున్నాడట. తెల్లారేసరికి దీవి దొరదయింది!

"ఇంగ్లీషోళ్ళకు కూడా వేలిముద్రలుంటాయా జేజీ?"

"వేళ్ళున్నోళ్ళందరికీ ఉంటాయి" అంది.

జేజి మున్వర్ కన్నా బాగా చెబుతోంది. మున్వర్ అరుస్తాడు. జేజి చెప్పేటప్పుడు గొంతు ఇంకా తగ్గిస్తుంది, మనమే దగ్గరికి జరగాలి.

ఫిబ్రవరి 16

అత్త దగ్గర్నుంచి మనిషి వచ్చాడు. మార్చి ఆఖరులో అత్త వచ్చి నన్ను పులివెందుల తీసుకుపోతుందట. ఇక అక్కడే ఉండి ఇంటి పని నేర్చుకోవాలట. వచ్చేసరికి తనకొక పెద్ద పరుపు కూడా కుట్టి పెట్టమని నాయనకు చెప్పి పంపింది. పరుపూ నేనూ ఒకే బస్సులో పోతామన్నమాట.

పులివెందుల మంచి ఊరే. అక్కడ కూడా టాకీసు ఉంది. అత్త పోనివ్వదు గానీ, ఉందని తెలిస్తే చాలు.

ఫిబ్రవరి 17

పులివెందుల మంచి ఊరే.

ఫిబ్రవరి 26, శనివారం

పోయిన వారం, ఈ వారం రెండు ముక్కల్లోనూ రోజీ నడుస్తూనే ఉంది. "నడిచేదే సీరియలా?" అంటే, "నువ్వు నడిచి చూడు, తెలుస్తాది" అని జేజి కసురుకుంది. జేజి టాకీసు నుంచి వచ్చిన ప్రతిసారీ కుడిచెయ్యి నొక్కుకుంటోంది. సినిమా చూస్తే చెయ్యి ఎందుకు నొప్పి పుడుతుందో నాకు తెలియదు. మాకెప్పుడూ పుట్టలేదు.

మార్చి 5, శనివారం

రోజీ పెద్ద ఏరు దాటింది! వానొచ్చి ఏరు రొమ్ముల దాకా పారుతోందట. సంకన కూతురు, భుజం మీద కొడుకు, నెత్తిన చిన్న మూట.

"రోజీకి పిల్లలెప్పుడు పుట్టినారు జేజీ?"

"మధ్యలో నువ్వు చూడల్యా గదా."

నిజమే. మధ్యలో రెండు ముక్కలు పోయాయి నాకు.

కూతురు ఏడ్చిందట, కొడుకు ఏడవలేదట. నడి ఏట్లో మూట కొట్టుకుపోయింది. రోజీ మూట వైపు కూడా చూడలేదట. "అవతలి గట్టుకు చేరిందా?" అంటే జేజి లేచి పొయ్యి దగ్గరికి పోయింది. చచ్చే చోట ఆపడం జేజికి కూడా వచ్చేసింది.

మార్చి 12

గట్టెక్కింది. బాకా ఊదాలనిపించింది నాకు.

మార్చి 19, శనివారం

జేజి జిలేబి తెచ్చింది. మొహం వెలిగిపోతోంది. కథ అడిగితే, "ఈ పొద్దు ముక్కలో కష్టాలేం లేవు. అంతా బాగానే జరిగింది" అని దిండేసుకుని పడుకుంది. దీవి తిరిగి వచ్చిందా, దొర చచ్చాడా, ఒక్కటీ చెప్పలేదు. కష్టాల్లేకపోతే అదేం సీరియల్?

అత్త వచ్చే శనివారం వస్తుంది. పరుపు సగం అయింది.

మార్చి 22, మంగళవారం

మీనాక్షి ఉత్తరం వచ్చింది. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"వంతెన మీద పురి తెగింది మాబూ! రోజీ వాగులో పడి, ఈదుకుంటూ పోయి ఓడ ఎక్కింది. తర్వాతి ముక్కల్లో అంతా ఓడలోనే, కోతి ఒకటి వచ్చింది, శానా నవ్వులు. నువ్వు అక్కడెట్లాగూ వినే ఉంటావు" అని రాసింది. నేను రెండు సార్లు చదివాను. పైట లేదు. వేలిముద్ర లేదు. పిల్లల్లేరు. కోతి ఉంది!

పోయి జేజి ముందు నిలబడ్డాను. "నువ్వు టాకీసుకు పోనేల్యా."

జేజి బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "పోల్యా."

"ఒక్క శనివారం కూడా?"

"ఒక్క శనివారం కూడా పోల్యా."

"మరి యాడికి పోతాంటివి?"

జేజి చేట పక్కన పెట్టి, మూలనున్న దూది మూటలో చెయ్యి పెట్టి పలక తీసింది. పలక మీద ఒకటే మాట, పది సార్లు. కొన్ని జానీబీలు పడుకున్నాయి, కొన్ని నిలబడ్డాయి, చివరిది మాత్రం చక్కగా కూర్చుంది. జానీబీ అంటే జేజి పేరు.

అప్పుడు చెప్పింది. టీచరు నా పేరు రిజిస్టరులోంచి కొట్టెయ్యలేదట. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరో ఒకరు ఫారం మీద సంతకం పెడితే చాలు, పరీక్ష రాయొచ్చు, పాసయితే పై ఫారానికి పోవచ్చు అందట. నాయనేమో తన అక్క మాట దాటడు. "సంతకం రాకపోతే వేలిముద్ర చాలమ్మా" అందట టీచరు జేజితో. జేజి ఒప్పుకోలేదు.

"మన సొంతూరు లింగాలలో నా వేలు ఒకసారి కాగితం మీద పడింది. మూడెకరాలు పోయినాయి. ఇంగ ఈ వేలు కాగితాన్ని తాకకూడదని ఆ పొద్దే ఒట్టు పెట్టుకుంటి. అందుకే టీచరమ్మనడిగితి, నా పేరు నాకు నేర్పమ్మా అని."

మొన్న శనివారమే పెట్టిందట సంతకం. జిలేబి అందుకే.

నాకు ఏడుపొచ్చింది. దూది ఏమీ పడలేదు, ఏడుపే వచ్చింది. నాకు బడి కావాలి. మొదటి పేజీలో రాసింది అబద్ధం. సీరియల్ కాదు, బడి కావాలి. సీరియల్ కూడా కావాలనుకోండి.

"టాకీసుకని చెప్పి అబద్ధాలాడినావు జేజీ."

"బడికని చెప్పింటే నువ్వు కడుపులో దాచుకుంటావా? సాయంత్రానికి మీ నాయనకు తెలిసిపోతాది." అని మళ్ళీ చేట ముందుకు లాక్కుని మెల్లగా అడిగింది, "నా కథలో ఏ ముక్క బాగల్యా చెప్పు."

బాగాలేని ముక్క ఒక్కటీ లేదు. అదే చెప్పాను.

మార్చి 26, శనివారం

అత్త పదకొండు గంటల బస్సుకు వచ్చింది. నా పెట్టె వాకిట్లో ఉంది. నాయన వసారాలో అత్త పరుపు చివరి అంచు కుడుతున్నాడు. అత్త చెప్పులు కూడా విప్పకుండా "బయల్దేరు మే" అంది నాతో.

జేజి గడప మీదికి వచ్చి నిలబడింది. "పిల్లకు పరీక్ష ఉండాది జైనబూ."

"పరీక్షా? ఎవురు కట్టినారు ఫారం?"

నాయన సూది ఆగింది. ఆయనకూ తెలియదు కదా.

"నేనే సంతకం పెడితి" అంది జేజి.

అత్త నవ్వింది. "నీకు సంతకమా? వేలు కూడా పెట్టనని ఒట్టేసుకున్న దానివి!"

జేజి వసారాలోకి పోయింది. నాయన పక్కనున్న నీలం సుద్దముక్క తీసుకుంది. గుడ్డకు గీతలు గీసే సుద్ద అది. పరుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అత్త కోసం కుట్టిన ఆ కొత్త పరుపు మీదే రాయడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం అరచేతి వెడల్పు. జా రాసి ఊపిరి పీల్చుకుంది. నీ రాసింది. బీ దగ్గర గుడిదీర్ఘం కొంచెం పక్కకు పోయింది. నాయన విల్లుకు ఆనుకుని కదలకుండా చూస్తున్నాడు.

"ఏం రాసినావు?" అంది అత్త. అత్తకు చదువు రాదు. నాయనకూ రాదు. అత్త మా అందరి మొహాలూ చూసి చివరికి నా వైపు తిరిగింది. "ఏం రాసిందిమే?"

"జానీబీ" అని చదివాను. ఆ ఇంట్లో చదవగలిగింది నేనొక్కదాన్నే.

జేజి సుద్ద కింద పెట్టింది. జేజి గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు నేను. "ఆ పొద్దు ఆ కాగితంలో ఏముందో ఇట్ల చదివే పిల్ల ఒకతి ఇంట్లో ఉండింటే లింగాల ఇడిసేవాళ్ళమా జైనబూ? పెన్నేట్లో నిన్ను సంకనేసుకోని వచ్చింటినా? నువ్వు ఎంత ఏడిస్తివో నీకు గ్యాపకం ల్యా?"

అత్త పరుపు అంచున కూర్చుండిపోయింది. అప్పుడర్థమైంది నాకు, ఏట్లో ఏడ్చిన కూతురు ఎవరో. ఏడవని కొడుకు సూది పట్టుకుని నా ఎదురుగానే ఉన్నాడు.

నాయన అన్నాడు, "అక్కా, పిల్ల ఈడనే ఉంటాది." నాయన అత్తకు కాదని చెప్పడం నేను పుట్టాక ఇదే మొదలు. చెప్పి, తన మాటకు తనే భయపడినట్టు గబగబా సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టాడు. మూడు సార్లు తప్పిపోయింది.

అత్త అన్నం తిని సాయంత్రం బస్సుకు పోయింది. నాతో ఎక్కువ మాట్లాడలేదు. పరుపు బస్సు మీదికి ఎక్కించేటప్పుడు నాయన "సుద్ద గీతలు దులిపి ఇస్తా అక్కా" అంటే మాత్రం, "వద్దు, అట్లనే ఉండనీ" అంది.

మార్చి 28

బడి! నా బెంచీలో ఇప్పుడు ఇంకో అమ్మాయి కూర్చుంటోంది. జరగమన్నాను.

ఏప్రిల్ 16, శనివారం

ఆఖరి పరీక్ష ఈ రోజు అయిపోయింది. లెక్కలు ఎట్లా రాశానో డైరీకి కూడా చెప్పను. మిగతావన్నీ బాగా రాశాను.

బయటికి వస్తే జేజి గేటు దగ్గర గొడుగు పట్టుకుని ఉంది. టాకీసు సందు దగ్గర నా కాళ్ళు వాటంతట అవే నెమ్మదించాయి. "పోదామా?" అంది జేజి.

జేజిని ఇసుక కుప్ప చేసి కూర్చోబెట్టి, కుప్ప కనబడకుండా ఆమె కోక పరిచాను. మా సీరియల్ ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు వేరేది మొదలైంది. అందులో ఒకామె గుర్రం మీద కొండ అంచుకు వచ్చి ఆగింది. వెనక దొంగలు. మున్వర్ కర్ర ఆడిస్తూ, "భయంతో వణుకుతాండాది! దేవుడా కాపాడు అంటాండాది!" అని అరిచాడు.

"యాడ వణుకుతాండాది?" అంది జేజి. టాకీసంతా వినబడేట్టు అంది. "దోవ చూసుకుంటాండాది ఆ యమ్మ. కండ్లు చూడప్పా, నీకు కండ్లు ల్యావా?"

ఆడవాళ్ళ వైపు అందరూ నవ్వారు. తర్వాత ఒకరొకరే జేజి దగ్గరికి జరిగి కూర్చున్నారు. ఇంకో పక్క మున్వర్ చెబుతూనే ఉన్నాడు పాపం. తడికకు ఇవతల ఎవరూ వినలేదు.

జూన్ 20, సోమవారం

పాసయ్యాను. లెక్కల్లో కూడా. ఈ రోజు నాలుగో ఫారంలో చేరడానికి హైస్కూలుకు పోయాం. జేజి, నాయన, నేను. కిటికీ దగ్గర పెద్ద వరస. మా వంతు వచ్చేసరికి గుమాస్తా జేజిని, ఆమె నెరిసిన తలను చూసి, అడగకుండానే ఇంకు డబ్బా ముందుకు జరిపాడు. "ఈడ వేలు పెట్టవ్వా" అన్నాడు.

జేజి మోచేత్తో డబ్బాను పక్కకు నెట్టింది. "కలం ఇట్లియ్యప్పా."

రాయడానికి చాలాసేపు పట్టింది. పైన ఫంకా తిరుగుతూ కాగితాన్ని లేపుతోంది. వెనక ఎవరో "ఎంతసేపవ్వా?" అని విసుక్కున్నారు. జేజి తల ఎత్తలేదు, కలం ఆపలేదు.

"రొంత ఓపిక పట్టప్పా. ఈ మూడచ్చరాలు నేర్చుకునేదానికి నాకు ఏడు శనివారాలు పట్టినాయి."

 గుమాస్తా కాగితం కదలకుండా రెండు చేతులతో అంచులు పట్టుకున్నాడు.